నవనందుల సీమలో ముర్రుపాలు

నంద్యాల పేరెత్తగానే తెలిసినవాళ్ళు నందులను లెక్కపెట్టడం మొదలుపెడతారు. ప్రథమనంది, నాగనంది, సోమనంది ఊళ్ళోనే వున్నాయి. సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది, వీటన్నిటికీ పెద్ద అయిన మహానంది ఊరి వెలుపల నల్లమల వైపుగా వున్నాయి. మొత్తం తొమ్మిది. ఒక్క రోజులో తొమ్మిదీ చూపించి తీసుకువస్తామని ఆటోవాళ్ళు రైలు దిగీ దిగగానే చుట్టుముడతారు. అలా చూడవచ్చు గాని, దాన్ని దర్శనం అనడంకన్న హాజరు వేయించుకోవడం అనడం మేలు. నేను మహానంది ఒక్కటే చూసి, మిగతా ఎనిమిదికీ రోడ్డు మీదనుంచే దణ్ణం పెట్టుకున్నాను.

అసలు నా ప్రయాణం ఆళ్ళగడ్డకు. మా అక్కను అక్కడ ఇచ్చారు. మేనకోడలు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి వుంది. ఇంకా రెండు మూడు రోజుల వ్యవధి వుందని అక్క చెప్పగా, ఒక రోజు ముందుగా బయలుదేరి, గుంటూరు వైపునుంచి నల్లమల దాటి వచ్చే రైల్లో నంద్యాలలో దిగాను.

మహానందికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దారి. కొండ దగ్గరపడే కొద్దీ నల్లరేగడి పొలాలు పోయి అరటితోటలు వస్తాయి. ఆ తోటలకు ప్రాణం గుడిలోని కోనేరు. నీళ్ళు ఎంత తేటగా వుంటాయంటే అడుగున పడిన నాణెం బొమ్మో బొరుసో చెప్పవచ్చు. ఏడాది పొడుగునా ఊరుతూ, కోనేరు నిండి, కాలవై తోటల్లోకి పారుతుంటుంది. మునిగి లేచేసరికి రైలు బడలిక ఎటు పోయిందో తెలియలేదు.

అక్కడి స్థలపురాణం చాలామందికి తెలిసినదే. నందరాజు మందలోని ఒక ఆవు రోజూ అడవిలో ఒక పుట్ట దగ్గరకు వెళ్ళి, ఎవరూ పితక్కుండానే పాలు ధారగా విడిచేదట. రాజు పొంచి చూశాడు. అలికిడికి ఆవు బెదిరి పుట్టను తొక్కింది. ఆ గిట్ట గుర్తు లింగం మీద నేటికీ వున్నదని చూపిస్తారు.

నేను ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి గనక, నా బుద్ధి ఆ పాలధార దగ్గర ఆగిపోయింది. పాడి వున్న ఇళ్ళవాళ్ళకు అందులో వింత ఏమీ లేదు. దాన్నే చేపడం అంటారు. దూడ పొదుగు కుమ్మగానే, ఒక్కోసారి దూడ అరుపు వినగానే, ఆవు చేపుతుంది. మెదడు కింద బటాణీగింజంత గ్రంథిలోంచి ఆక్సిటోసిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది పొదుగు చేరి, పాలగదుల చుట్టూ అల్లుకున్న కండర కణాలను బిగిస్తుంది. పాలు కిందికి దిగుతాయి. మాంసకృత్తులకు కావలసిన ముడిసరుకు అమైనో ఆమ్లాలు. అవి ఇరవై రకాలు. ఈ ఆక్సిటోసిన్ చాలా పొట్టి గొలుసు. దాంట్లో వున్న అమైనో ఆమ్లాలు సరిగ్గా తొమ్మిది! నవనందుల క్షేత్రంలో నిలబడి ఈ మాట తలచుకుంటే నాకు నవ్వు వచ్చింది. కాకతాళీయమే లెండి.

ఆవు తిన్న గడ్డి రక్తమై, ఆ రక్తమే తెల్లబడి పాలవుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. రక్తం ముడిసరుకు మోసుకువచ్చే బండి మాత్రమే. ఒక లీటరు పాలు తయారు కావాలంటే నాలుగైదు వందల లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. అయితే పాలలోని ముఖ్యమైన మాంసకృత్తు కేసీన్ ఆ రక్తంలో ఎక్కడా లేదు. దాన్ని పొదుగులోని కణాలు కొత్తగా తయారుచేసి బయటికి పంపాలి. ఎలా తయారుచేస్తాయో ఆళ్ళగడ్డలో చెబుతాను. అక్కడ చెబితేనే బాగా బోధపడుతుంది.

మర్నాడు తెల్లవారుజామునే ఫోను మోగింది. రాత్రే నొప్పులు వచ్చాయనీ, ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ అక్క చెప్పింది. లాడ్జి గది ఖాళీ చేసి బస్టాండుకు పరుగెత్తాను.

నంద్యాలనుంచి ఆళ్ళగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. ఒకప్పుడు రెండూ కర్నూలు జిల్లాలోవి. 2022 ఏప్రిల్‌లో నంద్యాలే జిల్లా అయింది. శిరివెళ్ళ మీదుగా బస్సు పోతుంటే ఎడంవైపు నల్లమల నీలంగా వెంట వస్తుంది. కుడివైపు కుందూనది లోయలోని నల్లనేల. చలికాలంలో ఈ నేల శనగకు పెట్టింది పేరు. నంద్యాలలో 1906లో స్థాపించిన వ్యవసాయ పరిశోధన స్థానం వుంది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా, ఎత్తుగా పెరిగే శనగ రకాన్ని అక్కడే తయారుచేశారు. వందగ్రాముల శనగల్లో ఇరవై గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. వాటిని గింజలోని కణాలు తయారుచేసి బయటికి పంపవు. రేపు మొలకెత్తే మొక్క కోసం తమలోనే సంచులు కట్టి దాచుకుంటాయి. పొదుగు కణం దానగుణం కలది, శనగ కణం దాపరికం కలది. పనితనం మాత్రం రెంటిదీ ఒక్కటే.

ఆళ్ళగడ్డ బస్టాండులో బావగారు ఎదురువచ్చారు. ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా చూడనివ్వరట. ఈలోగా తమ పొలంలో పెట్టడానికి చెప్పిన నాగశిల తయారైందో లేదో కనుక్కుందామని నన్ను శిల్పుల దగ్గరకు తీసుకువెళ్ళారు.

ఆళ్ళగడ్డ శిల్పుల పేరు దేశమంతటా తెలుసు. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా వుంది. రోడ్డు పక్కనే పాకలు, షెడ్లు. ఒకచోట ఇంకా రాయిగానే వున్న రాయి; దానిమీద కొలతల గీతలు. మరొకచోట నడుము దాకా బయటపడ్డ దేవుడు. ఇంకొకచోట నగలు, జడ, గోళ్ళు చెక్కుతున్న ఉలి చప్పుడు. ఈ మధ్య కోతయంత్రాలు వచ్చి మోటుపని సులువైంది గాని, దుమ్ము మాత్రం భరించరానిదిగా వుంది. మూతికి గుడ్డ కట్టుకోని కుర్రాళ్ళను చూస్తే గుండె కలుక్కుమంది.

ఒక మూల చక్కని అమ్మవారి విగ్రహం గోడకు ఆనించి వుంది. కొనేవాళ్ళు లేరా అని అడిగాను. శిల్పి దగ్గరికి పిలిచి చిటికెన వేలు చూపించాడు. కొస విరిగింది.

"అతికించకూడదా?"

"అతికించొచ్చు సార్. కనపడదు కూడా. కానీ పూజకు ఇయ్యం. భిన్నమైందాన్ని గుడికి పంపితే మా పేరు ఏం గావాల? దీన్ని కొట్టి చిన్నవి ఏమన్నా చేసుకుంటాం."

పక్కనే గడ్డి చుట్టి, గోనె కప్పి, తాళ్ళతో బిగించిన విగ్రహాలు. ఒక్కొక్కదాని మీద ఊరు పేరు. వాటన్నిటికీ కళ్ళు మాత్రం తెరవలేదు. గుడి చేరాక, ప్రతిష్ఠనాడే కళ్ళు తెరిపిస్తారు.

ఇక చెబుతాను వినండి. పొదుగులోని కణం ఇంతకంటె ఎక్కువ ఏమీ చేయదు, ఇంతకంటె తక్కువా చేయదు. కణం పరిమాణం మిల్లీమీటరులో నూరోవంతు అనుకోండి. దాని నడుమ కేంద్రకం వుంది. ఏ మాంసకృత్తును ఏ వరుసలో కూర్చాలో తెలిపే మూలగ్రంథం అందులోనే వుంటుంది. గ్రంథాన్ని గది దాటనివ్వరు. కావలసిన పుటకు నకలు తీసి పంపుతారు. ఆ నకలు చదివి అమైనో ఆమ్లాలను ఒకదాని వెనుక ఒకటి గుచ్చేవి రైబోసోములు. కేసీన్ రకాల్లో ఒక్కో గొలుసుకు రెండువందల దాకా పూసలు. పని జరగడానికి కావలసిన శక్తిని మైటోకాండ్రియాలు సరఫరా చేస్తాయి.

బయటికి పోవలసిన సరుకైతే గొలుసు మొదట్లోనే చిరునామా రాసి వుంటుంది. ఈ సంగతి కనిపెట్టిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చిరునామా బయటపడగానే రైబోసోము వెళ్ళి, కణం లోపల పొరలు పొరలుగా అల్లుకున్న ఎండోప్లాస్మిక్ జాలానికి అతుక్కుంటుంది. గొలుసు ఆ పొర లోపలికి దిగుతుంది. మాంసకృత్తు రూపం దిద్దుకునేది అక్కడ. ఎక్కడ మడవాలో అక్కడ మడుస్తారు. ముడి వేయవలసిన చోట ముడి వేస్తారు. వంకర వచ్చిందా, కదలనివ్వరు. ఒకటి రెండుసార్లు సరిచేయడానికి చూస్తారు. కుదరకపోతే వెనక్కి లాగి, ముక్కలు చేసి, పూసలను మళ్ళీ వాడుకుంటారు. చిటికెనవేలు విరిగిన అమ్మవారి గతే దానికీను.

సరైనవాటిని చిన్న తిత్తుల్లో గాల్జీ దేహానికి పంపుతారు. దొంతర పెట్టిన అట్లలాగా వుంటుంది అది. నగలు చెక్కడం అక్కడ. కొన్నిటికి చక్కెరలు తగిలిస్తారు, కేసీన్‌కు భాస్వరం తగిలిస్తారు. ఆ భాస్వరాన్ని పట్టుకుని సున్నం చేరుతుంది. కేసీన్లు వేలుగా గుంపుకట్టి సూక్ష్మమైన ఉండలవుతాయి. వెలుతురు ఆ ఉండల మీద పడి చెదరడం వల్లనే, వెన్న తీసిన తరవాత కూడా పాలు తెల్లగా వుంటాయి. పాలలోని తీపి తయారయ్యేదీ గాల్జీలోనే. తరవాత మూట కట్టడం. తిత్తి కణం అంచుకు చేరి, పొరలో పొర కలిసిపోయి, నోరు తెరుచుకుని, సరుకు పాలగదిలోకి జారిపోతుంది.

ఈ గాల్జీ ఇటలీ వైద్యుడు. 1898లో గుడ్లగూబ మెదడులో దీన్ని చూశాడు. నాడీమండలం మీద చేసిన కృషికి ఆయనకు నోబెల్ వచ్చిన సంవత్సరం, నంద్యాల వ్యవసాయ క్షేత్రం పుట్టిన సంవత్సరం ఒక్కటే, 1906. కాని ఆయన చూసింది నిజంగా వున్నదా, రంగులు వేయడంలో పడ్డ మరకా అని అర్ధశతాబ్దం తగువు పడ్డారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాకగాని తీరలేదు. సరుకు నడిచే దారిని గంట వేసి లెక్కపెట్టినవాడు జార్జి పలాడే, రుమేనియానుంచి అమెరికా వెళ్ళినవాడు. గినీపంది క్లోమానికి కాసేపు రేడియోధార్మికమైన అమైనో ఆమ్లం ఇచ్చి, అది ఎక్కడెక్కడ వున్నదీ కాలం వారీగా చూశాడు. మూడు నిమిషాలకు ఎండోప్లాస్మిక్ జాలంలో, ఇరవై నిమిషాలకు గాల్జీ దగ్గర, రెండు గంటలకు మూటల్లో! 1974లో ఆయనకూ నోబెల్ వచ్చింది. క్లోమం తయారుచేసేవి ఆహారాన్ని అరిగించే పదార్థాలు. అవి దారిలోనే పని మొదలుపెడితే క్లోమాన్నే తినేస్తాయి. అందుకని కళ్ళు మూసే పంపుతారు. పేగు చేరాక తెరిపిస్తారు. ఈ మాట చెబితే శిల్పి ఉలి ఆపి, "అయితే మా పద్ధతే సార్" అన్నాడు.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళేసరికి వాతావరణం వేరుగా వుంది. మేనకోడలు కళ్ళు తుడుచుకుంటున్నది. అక్క గోడకేసి చూస్తున్నది. బావగారి తల్లి, ఆ ఇంట్లో అందరికీ అవ్వ, బల్ల మీద తేనెసీసా, పాలడబ్బా పెట్టుకుని కూర్చుని వుంది.

"వచ్చినావా నాయనా? సూడు, పిల్ల బంగారట్లుంది. పాలే పడలేదు."

"నర్సమ్మ అప్పుడే పట్టించిందటగా అవ్వా?"

"పట్టిచ్చింది. ఏముండాయి, నాలుగు చుక్కలు. అవీ పచ్చగా, సీము మాదిరి. పసిపిల్లకు అరగతాయా? మా కాలంలో మూడు దినాలు పిండి పారబోస్తాంటిమి. అందాక తేనె నాకిస్తాంటిమి. అట్లనే పెరిగినారు అందరూ."

"అందరూ పెరగలేదులే అత్తా" అంది అక్క, గోడకేసి చూస్తూనే. అవ్వ మాట్లాడలేదు. పోయిన బిడ్డల సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నేను మాట మార్చాను. రెండు రోజుల కిందటే వాళ్ళ బర్రె ఈనింది.

"అవ్వా, బర్రె ఈనితే ముర్రుపాలు మొదట ఎవరికి?"

"ఇంకెవురికి? దూడకే. ఈనిన గంటలోపల లేసి పొదుగు పట్టాల. అది తాగినాక మిగిలితే మనకు జున్ను. దూడ కడుపు కొట్టి జున్ను వండుకున్న ఇల్లు బాగుపడతాదా?"

"తాపకపోతే ఏమవుతుంది?"

"పారుడు పట్టి పోతాది. నిలబడదు."

"మరి మన దూడ మాటేమిటి?"

అవ్వ నాకేసి ఒక నిమిషం చూసింది. "మనిసికీ గొడ్డుకూ ఒకటే లెక్కనా?" అంది.

ప్రశ్న మంచిది. ఒకటే లెక్క కాదు. ఆ మాటే చెప్పాను. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు కూడా మాంసకృత్తులే. నాలుగు గొలుసులు కలిపి ముడివేసినవి. వాటిని తయారుచేసే కణం నిండా ఎండోప్లాస్మిక్ జాలమే వుంటుంది. ఒక్కొక్క కణం సెకనుకు వేల ప్రతిరక్షకాలను బయటికి పంపగలదు. ఆవుకూ బర్రెకూ అవి మాయగుండా దూడకు దాటవు. దూడ ఖాళీ చేతులతో పుడుతుంది. రక్తంలోంచి పొదుగు పోగుచేసుకున్నవి ముర్రుపాలలో వస్తాయి. వాటిని చెడకుండా రక్తంలోకి తీసుకోగల శక్తి దూడ పేగుకు మొదటి రోజు మాత్రమే వుంటుంది. తరవాత ఆ తలుపు మూసుకుంటుంది. అవ్వ చెప్పిన గంట లెక్క అక్షరాలా నిజం.

మనిషి బిడ్డకు కొన్ని ప్రతిరక్షకాలు కడుపులో వుండగానే తల్లి రక్తంలోంచి వస్తాయి.

"వచ్చినాయి గదా, ఇంక ఈ నాలుగు చుక్కలతో ఏం పని?" అంది అవ్వ చటుక్కున. కాలేజీలో నన్ను ఇంత త్వరగా పట్టుకున్న విద్యార్థి లేడు.

"అవి రక్తంలో వుండేవి అవ్వా. ఇంటినిండా మనుషులున్నా వీధితలుపుకు గడియ వేసుకుంటాం గదా. బిడ్డకు వీధితలుపు నోరూ పేగూ. రోగం వచ్చేది అక్కడినుంచే. ఈ పచ్చటి చుక్కల్లో వున్న ప్రతిరక్షకాలు పేగుగోడకు కాపలా కాస్తాయి. తల్లి పేగు ఎరిగిన క్రిములను గుర్తుపట్టిన కణాలే రొమ్ముకు చేరి వీటిని తయారుచేస్తాయి. మీ ఇంటి నీళ్ళు, మీ ఊరి గాలి, మీ పెరటి దుమ్ము ఎరిగిన కాపలాదార్లు. డబ్బాపాలల్లో మాంసకృత్తులు లేకపోలేదు. కాని మీ ఇంటి కాపలాదారు అందులో లేడు."

"నాలుగు చుక్కలు సాలతాయా?"

"మొదటి రోజు బిడ్డ పొట్ట పట్టేదీ చెంచాల లెక్కే. పట్టిస్తూ వుంటేనే పాలు పడతాయి. పట్టకపోతే కణం ఎవరి కోసం పనిచేస్తుంది?"

తేనె సంగతి కూడా చెప్పక తప్పలేదు. ఏడాది లోపు బిడ్డకు తేనె పెట్టరాదు. దానిలో దాగి వుండగల ఒక క్రిమి పసిపేగులో మొలిచి విషం పుట్టిస్తుంది. అరుదే గాని ప్రాణాంతకం. చక్కెరనీళ్ళు పొట్ట నింపి పాలకు చోటు లేకుండా చేస్తాయి. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టాలనీ, ఆరు నెలలూ అవే చాలుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఏదైనా జబ్బు వుండి డాక్టరే వద్దంటే అది వేరు.

ఇదంతా అవ్వ నమ్మిందని అనను. మనసులో ఏదో లెక్క వేసుకున్నది. కాసేపటికి లేచి మేనకోడలి దగ్గరకు వెళ్ళి, దిండు సర్ది, బిడ్డను తనే ఎత్తి ఒళ్ళో పెట్టి, తల ఎట్లా పట్టుకోవాలో చూపించింది. ఆ పని నాకంటె, నా నోబెల్ బహుమతుల వాళ్ళందరికంటె ఆమెకే బాగా తెలుసు. నేనూ బావగారూ బయటికి వచ్చేశాం. తలుపు సందులోంచి అవ్వ గొంతు వినపడింది: "ఏడవాకు బిడ్డా. బర్రె కూడా భయపడితే చేపదు." శాస్త్రంలో కూడా అంతే. బెదురూ దిగులూ ఆక్సిటోసిన్‌కు అడ్డం.

సాయంత్రం ఇంటికి వచ్చాక బావగారు జున్ను పెట్టించారు. ఈనిన నాటి పాలు, దూడ వాటా పోను మిగిలినవి. బెల్లం, మిరియాలు వేసి ఆవిరికి పెడితే గడ్డకట్టి, కత్తితో కోస్తే ముక్కలుగా వచ్చింది. మామూలు పాలను ఎంత కాచినా ఇలా గట్టిపడవు. వేడికి గడ్డకట్టే ప్రతిరక్షకాల వంటి మాంసకృత్తులు ముర్రుపాలలో అంత దండిగా వుంటాయి గనకనే, కోడిగుడ్డు సొన పేరుకున్నట్టు జున్ను పేరుకుంటుంది. రెండో ముక్క వేయించుకుంటూ ఈ సంగతి చెబితే, "తినేటప్పుడన్నా పాఠం ఆపు బావా" అన్నారు ఆయన.

మూడోనాడు పొద్దున్నే ఆసుపత్రినుంచి కబురు వచ్చింది. పాలు బాగా పడ్డాయట. బిడ్డ తాగి నిద్రపోతున్నదట. తల్లిని, బిడ్డను సాయంత్రం ఇంటికి పంపుతారు. అవ్వ సామాను సర్దుకుని ముందుగానే వచ్చేసింది. పాలడబ్బా మూత తీయకుండానే అంగడికి వాపసు పంపింది. తేనెసీసా మాత్రం వంటింటి గూట్లో పైఅరన పెట్టింది.

"ఇదెందుకవ్వా?" అన్నాను.

"నాకు దగ్గు" అంది. తరవాత చెంబు తీసుకుని బర్రె దగ్గరికి పోయి, ముందు దూడను విప్పింది.